బెల్టు మార్చినా లాగుడు మానలేదు డాక్టరు గారూ!

ఈ నెల పాడిగేదెల వాళ్ళు నన్ను క్షమించాలి. పొదుగువాపు గురించి రాసిన ఇద్దరికీ ఫోనులోనే చెప్పేశాను, అది నెలరోజులు ఆగే జబ్బు కాదు కాబట్టి. మిగిలిన ఉత్తరాల సంచీ అంతా కుక్కలే. పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు పనిచేసినా ఇన్ని కుక్కల ఉత్తరాలు ఒక్కసారి ఎప్పుడూ చూడలేదు. వాటిలో ఎక్కువ భాగం ఒకటే మొర: లాగేస్తోందండీ, ఆపలేకపోతున్నాం.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. కరోనా రోజుల్లో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ మా అబ్బాయి లాబ్రడార్ పిల్లని తెచ్చాడు. ఆఫీసుకి రమ్మనేసరికి తను హైదరాబాదు వెళ్ళిపోయాడు, అది మాకు మిగిలింది. పేరు సింబా. 32 కేజీలు. మావారికి నడుంనొప్పి, అంచేత ఉదయం ఐదున్నరకి కాలవగట్టు మీదకి నేనే తీసుకెళతాను. మెడ బెల్టు వేస్తే లాగి లాగి గురగురమని దగ్గుతోందని భీమవరంలో 650 రూపాయలు పెట్టి, రొమ్ముకీ వీపుకీ చుట్టి తొడిగే బాడీ బెల్టు కొన్నాం. ఇది వేస్తే లాగదని షాపులో చెప్పారు. తీరా చూస్తే ఇదివరకటి కంటే ఎక్కువ లాగుతోంది. మొన్న కొంగని చూసి ఉరికింది, నేను గట్టు మీద బోర్లా పడ్డాను, మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి. ఆ బెల్టు తిరిగిచ్చేయమంటారా?

జవాబు: అప్పుడే ఇచ్చేయకండమ్మా. ముందు ఆ బెల్టుని ఓసారి తిరగేసి చూడండి. వీపు మీదున్న రింగుకి తాడు తగిలిస్తున్నారు కదా. ముందువైపు, రొమ్ము ఎముక మీదకి వచ్చే పట్టీకి, ఇంకో చిన్న రింగు ఉందేమో వెతకండి. ఈమధ్య వస్తున్న చాలా బెల్టులకి రెండూ ఉంటున్నాయి, ఆ రెండోది ఎందుకో అమ్మేవాళ్ళకే తెలియదు. ఉంటే మీ 650 రూపాయలు దక్కినట్టే.

వీపు మీద రింగున్న బెల్టు లాగుడు మాన్పించేది కాదు, లాగించేది. మంచుదేశాల్లో బండ్లు లాగే కుక్కలకి వేసేది ఈ తరహాదే. బరువు రొమ్ము మీదా భుజాల మీదా పడుతుంది, గొంతు నొక్కుకోదు, ఊపిరి హాయిగా ఆడుతుంది. మెడ బెల్టు ఉన్నన్నాళ్ళూ సింబా దగ్గు వచ్చినప్పుడైనా ఆగేది. ఇప్పుడు ఆ అడ్డు కూడా తీసేశారు. మెడకి పలుపు వేసి లాగితే మొరాయించే ఎద్దే మూపు మీద కాడి పెట్టగానే పొలమంతా దున్నేస్తుంది. మీరు సింబాకి కాడి కట్టారు, అది దున్నుతోంది.

రొమ్ము రింగు సంగతి వేరు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరికైనా జ్ఞాపకం ఉంటుంది, కాటన్ దొర కాలవల్లో సరుకు పడవలు నడిచిన రోజుల్లో గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. ఆ తాడుని పడవ కొసకి కట్టరు, తెరచాప కొయ్యకి కడతారు. కొసకి కడితే లాగినప్పుడల్లా పడవ ముక్కు గట్టువైపు తిరిగిపోయి ఒడ్డుని గుద్దుకుంటుంది. పడవ వాడికి కష్టమైన ఆ తిరగడమే మనకి కావలసింది. తాడు రొమ్ము దగ్గరుంటే సింబా ముందుకి ఉరికిన ప్రతిసారీ దాని ముక్కు మీవైపు తిరుగుతుంది. కొంగ కనబడాల్సిన చోట మీరు కనబడతారు. బలం ముందుకి పోయే దారి ఉండదు.

ఇది మొదటి రోజే పనిచేస్తుంది. చాలామంది అక్కడే సంబరపడి ఆగిపోతారు. నెలా రెండు నెలల్లో కుక్క పక్కకి ఒరిగి లాగడం నేర్చుకుంటుంది, అప్పుడు మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. అంచేత బెల్టు పనిచేస్తున్న ఈ రోజుల్లోనే మీరు రెండో పని మొదలుపెట్టాలి.

అసలు కుక్క ఎందుకు లాగుతుంది? లాగితే వెళ్ళగలుగుతోంది కాబట్టి. అది లాగింది, మీరు వెంట పరిగెత్తారు, తాడిచెట్టు మొదట్లో వాసన దానికి దొరికింది. నాలుగేళ్ళుగా మీరిద్దరూ చేస్తున్న బేరం ఇదే. ఇప్పుడు బేరం తిరగెయ్యండి. తాడు బిగిస్తే నిలబడిపోండి. గుంజకండి, అరవకండి, ‘సింబా సింబా’ అని బతిమాలకండి, కొబ్బరిచెట్టులా నిలబడండి. అది వెనక్కి చూసినా, ఒక్క అడుగు వెనక్కి వేసినా తాడు వదులవుతుంది. ఆ క్షణంలోనే ‘శభాష్’ అని మీ మోకాలి పక్కన చిన్న ముక్క పెట్టి నడవండి. ఉడకబెట్టిన కోడిమాంసం, చిటికెన గోరంత ముక్కలు చాలు. ఉప్పూ కారం ఉల్లిపాయా లేనిది. ఇంట్లో మిగిలిన బిర్యానీ ముక్క కడిగి పెట్టడం కాదు.

మొదటి రోజు ఇరవై నిమిషాల్లో మీ వీధి చివరికి కూడా చేరరు. పక్కింటివాళ్ళు అరుగు మీద కూర్చుని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇది గట్టు మీద మొదలుపెట్టకండి, అక్కడ కొంగలూ పీతలూ బాతులూ, దానికి తీర్థం లాంటిది. ముందు మీ పెరట్లో, తర్వాత జనంలేని సందులో, రోజూ రెండుసార్లు పదేసి నిమిషాలు. రెండు మూడు వారాల తర్వాత గట్టు ఎక్కండి. ఇంట్లో అందరూ ఇదే పద్ధతి పాటించాలి. మీరు నిలబడిపోయి, పండక్కి వచ్చిన మీ అబ్బాయి దానితో పరుగులు పెట్టాడంటే మీ మూడు వారాలూ కాలవలో కలిసినట్టే.

ఇంకొకటి, తాడుని చేతికి చుట్టుకుంటున్నారా? మీరు రాయలేదుగానీ బోర్లా పడ్డారంటే చుట్టుకునే ఉంటారు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది నేనూ అదే చేశాను. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి, మా కుక్క బుజ్జిగాడి తాడుని మణికట్టుకి మూడు చుట్లు చుట్టి, ఎవరితోనో కబుర్లలో పడ్డాను. పక్కన పడవలోంచి చేపల గంప దింపారు. వాడు వెళ్ళాడు, నేనూ వెళ్ళాను, రేవు మెట్ల మీదుగా. మణికట్టు విరిగి ఆరు వారాలు పిండికట్టు. ‘పశువుల డాక్టరు గారిని కుక్క ఈడ్చుకుపోయింది’ అన్న వార్త నాకంటే ముందు పంటెక్కి ముక్తేశ్వరం చేరింది. తాడు చివరి ఉచ్చుని బొటనవేలికి తగిలించి పిడికిలి మూయండి, రెండో చేత్తో మధ్యలో పట్టుకోండి. పోతే తాడు పోవాలిగాని మనిషి పోకూడదు.

బెల్టు కొలత కూడా చూసుకోండి. పట్టీ కింద మీ వేళ్ళు రెండు పడుకోబెట్టినట్టు దూరాలి, పిడికిలి దూరకూడదు. ముందు పట్టీ గొంతు మీదకి ఎక్కకూడదు, కాళ్ళ మీదకి జారకూడదు, రొమ్ము ఎముక మీదే ఉండాలి. చంకల్లో ఒరుసుకుని ఎర్రబడుతోందేమో రోజూ వేలితో తడిమి చూడండి. ఇంటికి రాగానే విప్పేయండి, రోజంతా ఉంచేది కాదది.

సింబా పాత దగ్గు మాత్రం వదిలేయకండి. బాడీ బెల్టు వేశాక కూడా దగ్గుతుంటే దగ్గర్లో ఉన్న డాక్టరుకి గుండే ఊపిరితిత్తులూ చూపించండి.

ప్రశ్న: మాకు భీమవరం అవతల రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కాపలాకి జర్మన్ షెపర్డ్‌ని పెంచుతున్నాం, 38 కేజీలు. గట్టు మీద తిప్పుతుంటే మా పనివాడు ఆపలేకపోతున్నాడు. లోపలివైపు ముళ్ళున్న గొలుసు వేస్తే రెండ్రోజుల్లో దారికొస్తుందని స్నేహితుడు చెప్పాడు. ఏ సైజు కొనమంటారు?

జవాబు: ఏ సైజూ కొనొద్దు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనే అందరికీ చోక్ చైన్, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, రాసిచ్చేవాణ్ణి. మాకు తెలిసిన విద్య అంతే. ఒక రైసుమిల్లు ఆసామి అల్సేషియన్‌ని తెచ్చి ఇలాగే అడిగితే, గొలుసు వేసి గట్టిగా గుంజండి, దెబ్బకి దారికొస్తుందని చెప్పాను. నిజంగానే వారంలో దారికొచ్చింది. ఆర్నెల్ల తర్వాత దగ్గుతో నా దగ్గరికొచ్చింది. మూడు వారాలు దగ్గుమందు పోశాను. నాలుగోసారి తెచ్చినప్పుడు, సూది వేద్దామని మెడ దగ్గర బొచ్చు పక్కకి తీస్తే అప్పుడు కనబడింది, చుట్టూ వెంట్రుక ఊడిపోయి తోలు నల్లగా గట్టిపడింది. గొంతు మీద వేలు ఆనిస్తే చాలు, దగ్గు తెర. నేను చెప్పిన గొలుసుకే నేను మందు పోస్తున్నానన్నమాట. ఆసామికి నిజం చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది, అది వేరే సంగతి.

మెడ అంటే మనకి తాడు కట్టే జాగాగా కనబడుతుంది. ఊపిరిగొట్టం, అన్నవాహిక, తలకి వెళ్ళే రక్తనాళాలు, థైరాయిడ్ గ్రంథి అన్నీ అక్కడే ఉన్నాయి. 2006లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, మెడ బెల్టు మీద బలం పడినప్పుడు కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరిగిందనీ, బాడీ బెల్టు మీద బలం పడినప్పుడు అలా పెరగలేదనీ కొలిచి చూపించారు.

పైగా మీది కాపలా కుక్క. ముళ్ళు గుచ్చుకున్నప్పుడు దాని ఎదురుగా ఎవరున్నారో వాళ్ళే తనని గుచ్చారనుకునే కుక్కలున్నాయి. ఎదురుగా ఉన్నది మేత వేసే కుర్రాడైతే?

మీకు రొమ్ము రింగున్న బాడీ బెల్టే సరైనది. దాన్ని కూడా పనివాడు ఆపలేకపోతే మూతి బెల్టు అని ఒకటుంది, మూతి చుట్టూ ఒక పట్టీ, చెవుల వెనక ఒక పట్టీ. ఎద్దుకి ముకుతాడు లాంటిదే, కాకపోతే ముక్కు కుట్టక్కర్లేదు. తల ఎటు తిరిగితే ఒళ్ళు అటే. దీన్ని ఒక్కసారిగా తొడిగితే కుక్క కాళ్ళతో పీకేసుకుంటుంది. పది రోజులపాటు, పట్టీలోంచి మూతి పెడితేనే ముక్క అన్నట్టు అలవాటు చేయాలి. మూతి బెల్టు ఉన్నప్పుడు గుంజడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు, మెడ నరాలు పట్టేస్తాయి. మీ పనివాడికి అంత ఓపిక లేదనుకుంటే అసలు కొనకండి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. మీ గట్ల మీద, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు వైర్లు ఎలా పరుస్తారో నాకు తెలుసు, అతుకులతో సహా. తడిగట్టు, ఇనప గొలుసు, చీకటి, మూడూ ఒక్కచోట వద్దు. నైలాను తాడు వాడండి.

ప్రశ్న: కుక్కకి మెడబెల్టు, బాడీబెల్టు, షికారు! మా రోజుల్లో కుక్క గుమ్మం ముందు గొలుసుతో ఉండేది, పెట్టింది తినేది. మీలాంటి వాళ్ళే జనాన్ని పాడుచేస్తున్నారు. (తణుకు నుంచి ఒక పెద్దాయన)

జవాబు: అయ్యా, తమరి రోజులే నావీను. కాకపోతే 1960లో వచ్చిన జంతుహింస నిరోధక చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచుతూ దానికి తగినంత వ్యాయామం చేయించకపోవడం కూడా అందులో నేరమే. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో అదేపనిగా కట్టి ఉంచడమూ నేరమే. అంటే ఈ షికారు నేను కనిపెట్టింది కాదండి, అరవై ఏళ్ళ నాటి మాట. పగలంతా కట్టేసిన కుక్కే గేటు తీయగానే ఎక్కువ లాగుతుంది, ఇది మాత్రం నా అనుభవం.

ప్రశ్న: డాక్టరు అంకుల్, మేం అంబాజీపేటలో ఉంటాం. వీధిలో దొరికిన పిల్లని పెంచుకుంటున్నాను, నాటుకుక్కే, ఏడాదిన్నర. పేరు చిట్టి. లాగదు, కానీ భయం ఎక్కువ. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళాం. బాణాసంచా మోతకి వెనక్కి వెనక్కి జరిగి బాడీ బెల్టులోంచి చొక్కా విప్పినట్టు బయటికి వచ్చేసింది. రాత్రి తొమ్మిదింటికి గానీ దొరకలేదు. గట్టిగా బిగిస్తే సరిపోతుందా?

జవాబు: దొరికింది, అది చాలు తల్లీ. తీర్థానికి కుక్కని తీసుకెళ్ళినందుకు చీవాట్లు పెడదామనుకున్నాను, మీ ఇంట్లో ఈపాటికే పెట్టి ఉంటారు. ఏకాదశ రుద్రుల ప్రభలు, డప్పులు, ఆ వరిచేలల్లో అంత జనం, మనకి పండగ. మనకంటే ఎన్నో రెట్లు బాగా వినే చెవులకి అది ప్రళయం.

బిగించడం మందు కాదు. మన నాటుకుక్కలకి తల సన్నం, రొమ్ము లోతు, నడుము పీలిక. ముందుకి లాగినంతసేపూ బెల్టు పట్టి ఉంచుతుంది. వెనక్కి జరిగితే మోచేతులు మడిచి జారిపోతాయి. అందుకే ఇలాంటి వాటికి మూడు పట్టీల బెల్టు దొరుకుతుంది. మెడ దగ్గర ఒకటి, రొమ్ము చుట్టూ ఒకటి, ఇంకాస్త వెనగ్గా, పక్కటెముకలు అయిపోయి నడుము సన్నబడే చోట మూడోది. ఆ మూడో పట్టీ రొమ్ము మీదుగా ముందుకి రావడం కుదరదు, అదే కీలకం.

అది దొరికేదాకా మెడ బెల్టు కూడా వేసి, తాడుని రెండిటికీ కలిపి తగిలించు. రెండువైపులా కొక్కేలున్న చిన్న తాడు ఉంటే సరి. బెల్టు జారినా మెడ దగ్గర పట్టు ఉంటుంది. మెడ బెల్టు మీద మీ నాన్నగారి ఫోను నంబరు రాసి పెట్టు, చెరగని ఇంకుతో.

వెనక్కి జరుగుతున్నప్పుడు ఎదురుగా నిలబడి లాగావా? అందరం అదే చేస్తాం. తాడు బిగించి లాగితే భయపడిన కుక్క ఇంకా వెనక్కి పోతుంది. తాడు వదులుచేసి నువ్వు కూడా దానివైపే నాలుగడుగులు వెయ్యి, పక్కకి తిప్పి మోతకి దూరంగా నడిపించు. వీధికుక్కల గుంపు ఎదురైనా ఇంతే. తాడు కర్రలా బిగిసిందంటే, యజమానే భయపడుతున్నాడు కాబట్టి ఏదో ప్రమాదం ఉందని కుక్క అనుకుంటుంది. రాబోయే దీపావళికి చిట్టిని సాయంత్రం నాలుగింటికే తిప్పి తెచ్చి, లోపలి గదిలో ఫ్యాను వేసి ఉంచు.

ప్రశ్న: లాగితే పొడుగై, వదిలితే డబ్బాలోకి చుట్టుకునే తాడు మంచిదేనా? (రాజోలు)

జవాబు: లాగితేనే తాడు పెరుగుతుందని కుక్కకి నేర్పే యంత్రం అది. వద్దు. పైగా ఆ సన్నటి తాడు కాలి పిక్కకి చుట్టుకుంటే కోసేస్తుంది.

ప్రశ్న: వానాకాలంలో మా కుక్కకి బెల్టు కింద పుళ్ళు పడుతున్నాయి. పౌడరు వేస్తున్నాం. (రావులపాలెం)

జవాబు: పౌడరు మానండి. తడిసిన బెల్టుని తడిసిన ఒంటి మీద ఉంచడం వల్ల వచ్చిన పుళ్ళవి, తడికి పౌడరు కలిస్తే పిండిముద్దే. రెండు బెల్టులు పెట్టుకోండి, ఒకటి ఆరుతుంటే ఒకటి. దళసరి దూది ఉన్నవి చూడ్డానికి బావుంటాయిగానీ మన ఉక్కపోతకి పనికిరావు, వల గుడ్డవో సాదా పట్టీలవో కొనండి. గోమారులు కూడా ఆ పట్టీల కిందే దాక్కుంటాయి, విప్పినప్పుడల్లా చూడండి.

వానల్లో మీ కుక్క నిలవనీటి వైపు లాగితే మాత్రం ఎంత బతిమాలినా వెళ్ళనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కలకీ వస్తుంది, మనకీ వస్తుంది. ఏడాదికోసారి వేయించే టీకాలో లెప్టోకి కూడా ఉందో లేదో అడిగి వేయించండి. పుళ్ళు వారంలో ఆరకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా పగ్ వయసు ఆరేళ్ళు, బరువు 13 కేజీలు. లాగుతూ నడిస్తే గురక వస్తోంది, ఒక్కోసారి నాలుక నీలంగా అవుతోంది. ఏ కంపెనీ బెల్టు మంచిది? మా నాన్నగారు మాత్రం నడిపించడమే మానేయమంటున్నారు. (ఆత్రేయపురం)

జవాబు: ఏ కంపెనీదైనా ఒకటే, మెడకి ఏదీ తగలకుండా రొమ్ము మీద ఉండేది చాలు. కానీ నాలుక నీలంగా మారడం బెల్టు వ్యవహారం కాదు. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు ఫోను చేశాను, మీరు ఎత్తలేదు. రేపే డాక్టరుకి చూపించండి. పగ్‌లకి ముక్కు నొక్కుకుపోయి పుట్టుకతోనే గాలిదారి ఇరుకు, వేడీ ఉక్కా ఉన్నప్పుడు నడిపిస్తే ప్రాణం మీదకొస్తుంది. డాక్టరు చూసి సరేనన్నాక, తెల్లవారకముందు పది నిమిషాలు చాలు. రోడ్డు మీద మీ అరచేయి వెనకవైపు ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాన్ని బయటికి తేకండి.

ఇక బరువు. పగ్ ఆరు నుంచి ఎనిమిది కేజీలుండాలి. మీది దాదాపు రెండు పగ్‌లు. మీదేమో ఆత్రేయపురం. దానికి పూతరేకులు పెడుతున్నది ఎవరో మీ ఉత్తరంలో రాయలేదు. నాన్నగారిని ఒకసారి అడిగి చూడండి.